పాత జాబులకు క్రొత్త చిరునామా

మా యింటి చిరునామా నేను కాపురమునకు వచ్చిన తరువాత మూడు సారులు మారినది. మేము మాత్రము ఆ గడప విడువలేదు. 1969లో నేను వేటపాలెమునకు వచ్చునప్పటికి ఈ యూరు గుంటూరు జిల్లాలోనిది. మరుసటి యేట ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా యేర్పడగా మమ్ము అందులో చేర్చిరి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు వచ్చినది. ఆ యేటి ఆగస్టు 15వ తేదీననే పిన్‌కోడను ఆరంకెల సంఖ్యయు దేశమునకు వచ్చినది. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి మాది బాపట్ల జిల్లా. మా అత్తగారైతే మద్రాసు రాజధానిని, 1953 నాటి ఆంధ్రరాష్ట్రమును, 1956 నాటి ఆంధ్రప్రదేశ్‌ను కూడ ఈ వసారాలోనే కూర్చుండి చూచినది. ఇన్ని మారినను ఉత్తరము తప్పిపోయినది లేదు. ఊరిపేరు, ఇంటిపేరు ఉన్నచో చాలును. మగ్గముల చప్పుడును మించి వినబడునట్లు తపాలా జవాను వీధిలోనుండి కేక వేసెడివాడు.

ఈమెయిలు సంగతి అట్లు కాదు. ఒక చుక్క తప్పిన చేరదు. మన యిల్లు కదలకున్నను, ఆ పెట్టె నిచ్చిన కంపెనీవారు దుకాణము కట్టివేసినచో మన చిరునామాయే లోకమున లేకుండ పోవును. నిరుడు వేసవిలో నాకట్టి కబురే వచ్చినది. మేము ఇరువదియేండ్లకు పైగా వాడుకొనుచున్న మెయిలు సౌకర్యమును మూసివేయుచున్నామనియు, తొంబది దినములలో మా జాబులను మరియొక చోటికి తరలించుకొనవలెననియు రెండు వాక్యములలో తెలిపిరి. ఇల్లు ఖాళీ చేయుమన్న యజమానియైనను ఇంతకంటె కొంత మెత్తగా చెప్పును.

తరలించుటయనగా ఏమో చెప్పవలెను. మా అమ్మాయి 1999లో అమెరికాకు పోయినది. నాటినుండి 2011లో మావారు స్వర్గస్థులగు వరకును వారు పంపినవి, అటుపిమ్మట నేను పంపినవి, అన్నియు కలిసి 1,480 జాబులు. పాతవి మావారి పాత కంప్యూటరులోనుండి తీసినవి. అమ్మాయి ప్రత్యుత్తరములు వేరు. వానిలో కొన్ని మా పెట్టెలోను, కొన్ని ఆమె తన ఆఫీసు మెయిలునుండి దాచి పంపిన ఫైలులోను ఉన్నవి. ఇవన్నియు క్రొత్త పెట్టెలో చేర్చి, అమ్మాయి పేరు వెదకిన ఆమె జాబులన్నియు, నా పేరు వెదకిన నావన్నియు ఒక్కచోట కనబడునట్లు చేయవలెనని నా కోరిక.

పని చూచిపెట్టుటకు చీరాలనుండి మా తమ్ముని కుమారుడు ఆదివారములు వచ్చెడివాడు. కంప్యూటరు పనివాడు, చేయి చురుకు, నోరు అంతకంటె చురుకు. "అత్తయ్యా, ఇది ఐదు నిమిషాల పని. పాత చిరునామా కనబడిన చోటల్లా కొత్తది పెట్టెయ్యమని ఒక్క వరుస రాస్తే సరి" అనెను. ముందుగా నకలు తీసికొమ్మంటిని. ఆవకాయ జాడీ మార్చునప్పుడు పాతజాడీని వెంటనే కడిగివేయము గదా. వాడు నవ్వి నకలు తీసెను. ఆ నకలే మమ్ము కాపాడినది.

సోదరీమణులలో కొందరికైనను ఈ పని పడవచ్చును గావున, మాకు తెలిసినంతవరకు వివరించుచున్నాను. ఈమెయిలు చిరునామాలో ఎడమప్రక్క మనిషి పేరు, కుడిప్రక్క ఆ పెట్టె యుండు చోటి పేరు, నడుమ 'అట్' అను గుర్తు ఉండును. ఆ గుర్తును అక్కడ పెట్టినవాడు రే టామ్లిన్‌సన్ అను అమెరికా దేశీయుడు, 1971లో. కుడిప్రక్కనున్నది కంపెనీవారి సొత్తు, మనది కాదు. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు మనదేశములో సామాన్యులకు ఇంటర్నెట్టు నిచ్చిన క్రొత్తలో ఆ కుడిప్రక్కన ఏ నగరపు యంత్రమో గూడ వ్రాయవలసి యుండెడిది. మద్రాసు 1996లో చెన్నై యైనను, మద్రాసులోని మా బంధువుల చిరునామాలో మద్రాసును సూచించు అక్షరములే చాలకాలము నిలిచినవి.

ఇక జాబునకు రెండు భాగములు. పైభాగమున ఎవరినుండి, ఎవరికి, నకలు ఎవరికి, తేదీ మొదలగు వరుసలు. క్రింద మనము వ్రాసిన మాటలు. మనకు కనబడని వరుస మరియొకటి పైభాగముననే ఉన్నది. అది ప్రతి జాబునకును యంత్రము వేసిన గుర్తింపు సంఖ్య. ప్రత్యుత్తరము వ్రాసినప్పుడు ఈ సంఖ్యనే అందులో చేర్చి, ఇది ఫలానా జాబునకు జవాబు అని యంత్రము గుర్తుంచుకొనును. ఈ వరుసను మావాడు 'థ్రెడ్' అనెను. నేత యూరివారము గనుక అది నాకు వెంటనే బోధపడినది. పోగు తెగినచో బట్ట లేదు.

మావాని ఐదు నిమిషముల పని అక్కడనే చెడినది. ఆ గుర్తింపు సంఖ్యలోను 'అట్' గుర్తును, దాని కుడిప్రక్క పాత కంపెనీ పేరును ఉండునట. చూచుటకు అచ్చముగా చిరునామావలెనే ఉండును గాని అది చిరునామా కాదు. వీని ప్రోగ్రాము దానిని గూడ మార్చివేసినది. అమ్మాయి ఆఫీసునుండి వచ్చిన ఫైలులో మాత్రము మారలేదు. దానితో మా ప్రశ్నలొక దిక్కు, అమ్మాయి జవాబులొక దిక్కు అయినవి. మరియొక వింత చూడుడు. 2004లో మావారు అమ్మాయికి "ఇకమీదట పాత చిరునామాకు వ్రాయవద్దు, ఈ క్రొత్తదానికే వ్రాయుము" అని రెండు చిరునామాలును వ్రాసి పంపిరి. ప్రోగ్రాము ఆ వాక్యములో గూడ చేయి పెట్టినది. ఇప్పుడా జాబులో వారు, ఫలానా చిరునామాకు వ్రాయవద్దు, ఆ చిరునామాకే వ్రాయుము అని చెప్పుచున్నారు! నలుబదియేండ్లు లెక్కలు చెప్పిన మాస్టరుగారి నోట ఇట్టి మాట పెట్టుటకు నాకు మనసొప్పలేదు.

"జాబులోని మాటలు ముట్టుకోవద్దు నాయనా" అంటిని. మా యూరి సారస్వత నికేతనము 1918 నాటిది. నాటినాటి పత్రికల సంపుటములు అక్కడ భద్రముగా నున్నవి. ఎక్కడెక్కడివారో పాత సంచికలకై వెదకుకొనుచు వత్తురు. గుంటూరు జిల్లా అని అచ్చయినచోట ఎవరైన బాపట్ల అని దిద్దుదురా? పైభాగమున ఎవరినుండి, ఎవరికి అను వరుసలే మార్చవలెను. తక్కిన వరుసలు, తేదీలు, మాటలు ఉన్నవి ఉన్నట్లు ఉండవలెను. మార్చిన వరుస క్రింద పూర్వమేమి యుండెనో మరియొక వరుసగా వ్రాసియుంచవలెను. యంత్రము చదువని అట్టి అదనపు వరుసలు చేర్చుటకు వీలున్నదట. నకలు తీసిన అసలు ఫైలును వేరుగా దాచవలెను. బ్యాంకువి, పొలము కాగితములవి అయిన జాబుల జోలికి పోనేవలదని మావాడే చెప్పెను. కొన్ని జాబులకు పంపిన కంపెనీవారి ముద్రవంటిది యంత్రమే వేయును. వరుస మారినచో ముద్ర చెడును, రేపు సాక్ష్యమునకు పనికిరాదు.

అసలు మార్చుటయే ఎందుకని మీరడుగవచ్చును. మొదటి కారణము, పాత జాబు తీసి జవాబు వ్రాసినచో అది లేని చిరునామాకు పోవును. అది తిరిగివచ్చిన అదృష్టమే. మూతపడిన కంపెనీ పేరును రేపు మరియొకడు కొనుక్కొనినచో మన యింటి మాటలు వాని చేతబడును. రెండవ కారణము, అల్లునిగారి విషయములో తెలిసినది. అమ్మాయియు అల్లుడుగారును కొంతకాలము ఒకే ఆఫీసులో పనిచేసిరి. ఆ ఆఫీసు ఫైలులో, మేము వారిద్దరికిని వ్రాసిన జాబులలో, అల్లునిగారి చిరునామా ఉండవలసిన చోట 'అట్' గుర్తే లేదు. గీతలు, సమానచిహ్నములు, నడుమ నడుమ ఆఫీసు పేరు, శాఖ పేరు, చివర కత్తిరించిన మనిషి పేరు. తద్దినపు సంకల్పమువలె పెద్దదానినుండి చిన్నదానికి దిగుచు పోయినది. ఇది 1988లో ఏర్పడిన ఎక్స్.500 అను పద్ధతి ననుసరించి ఆఫీసువారు తమలో తాము వాడుకొను పట్టికలోని స్థానమట. ఆ గోడల లోపల అది చెల్లును. వెలుపల దానికి అర్థమే లేదు. అట్టివానికి ఒక పట్టిక వ్రాసితిమి. ఎడమ వరుసలో ఆ సంకల్పము, కుడి వరుసలో ఇప్పటి చిరునామా. అల్లునిగారికి అట్టి రూపములు మూడు కనబడినవి, శాఖ మారినప్పుడెల్ల ఒకటి. అది యొక పూటలో అయిపోయినది.

పట్టికలో మా చిరునామా వరుస వచ్చినది. ఎడమప్రక్క మా పాత చిరునామా వ్రాసి, మావాడు కుడిప్రక్క వ్రాయబోయి ఆగెను.

"ఇది మామయ్యగారిది కదా. 2011 దాకా ఆయన పేరే పెడదాం, తర్వాతవి మీ పేర."

నేను వెంటనే మాటలాడలేకపోయితిని. మా కాలమున స్త్రీకి ఉత్తరము వచ్చిన భర్తపేర, అంతకు పూర్వము మామగారి పేర వచ్చెడిది. 'కేరాఫ్' అని వ్రాసి క్రింద వారి పేరు. నా పుట్టింటివారి ఉత్తరములును అట్లే వచ్చెడివి. ఈమెయిలు వచ్చిన పిమ్మటను మాకు ఒక్క పెట్టెయే. అది మావారి పేరనే. మొదట చీరాలలోని ఇంటర్నెట్టు కేంద్రమునకు పోయి, 2001 తరువాత ఇంటివద్దనే టెలిఫోను తీగకు కంప్యూటరు తగిలించి వారు వ్రాసెడివారు. నాకు యంత్రము రాదు. నేను ప్రక్కన పీటపై కూర్చుండి చెప్పెడిదానను. వారు ఇంగ్లీషు అక్షరములతో తెలుగు మాటలు కొట్టెడివారు. ఆవకాయ పాళ్లు, పురిటి జాగ్రత్తలు, వేటపాలెము జీడిపప్పు ఎవరిచేత పంపినది, అత్తగారి మనసు నొచ్చుకొనకుండ మాటలాడుట ఎట్లు అను సంగతులు ఒక్కొక్కసారి గంటసేపు చెప్పెడిదానను. చివర 'అమ్మ' అని పెట్టుమనెడిదానను. జాబు పైభాగమున మాత్రము వారి పేరే పడెడిది.

వారు పోయిన పిమ్మట నేనే కొట్టుట నేర్చుకొంటిని. పెట్టె మార్చుట తెలియదు. ఆ పేరుతోనే వ్రాసితిని. మూడవ నెలలో మా ఆడపడుచు నా జాబు చూచి ఉలికిపడి, ఫోను చేసి ఏడ్చినది. అన్నగారి పేరు క్రొత్తగా వచ్చినదని చూచినదట పాపము.

అందుచేత, ఆ 2011 అను గీత నేనొప్పుకొనలేదు. ఆ గీత యివతల అన్నియు వారివే యగుచో, అమ్మాయికి పన్నెండేండ్లపాటు తల్లి ఒక్క జాబైనను వ్రాయలేదని లెక్కకు వచ్చును. మనుమరాండ్రు రేపు వెదకి చూచుకొన్నప్పుడు, అమ్మమ్మ తాతగారు పోయిన తరువాతనే మాటలాడుట నేర్చినదనుకొందురు. "ఒక్కొక్కటే చదివి వేరు చేద్దాం" అంటిని. మావాని ముఖము చిన్నబోయినది. కాని వాడు మంచివాడు. జాబు చివర 'అమ్మ' ఉన్నదో 'నాన్న' ఉన్నదో చూచి కుప్పలు పోయుటకు ఒక ప్రోగ్రాము వ్రాసెను. అనుమానముగా నున్నవి నేను చదివి చెప్పవలెను.

2011కు పూర్వపువి 825. వానిలో వారివి 498, నావి 243. మిగిలిన 84 ఇద్దరివి. నేను చెప్పుచుండగా వారు మధ్యలో తమ మాట చేర్చినవి. ("మీ అమ్మ చెప్పిన ఉప్పు పాలు ఎక్కువ, నేను తిన్నవాడను, నాకు తెలియును" అని యొకచోట ఉన్నది. ఇది నాకు చెప్పక వ్రాసినదే!)

నా 243 జాబులలో పంపినవారి వరుసలో నా పేరు, నా క్రొత్త చిరునామా పెట్టినచో, చేసిన చాకిరి వారిది గదా, వారి పేరు ఎక్కడను లేకుండ పోవునేమోయని నాకు తోచినది. మావాడు నియమములు వెదకి చూచెను. 1982లో ఈమెయిలు రూపమునకు నియమములు వ్రాసినవారు ఈ సంగతి ఆనాడే ఆలోచించిరి. మాట ఒకరిది, పంపిన చేయి మరియొకరిది అయినచో దానికి వేరొక వరుస ఉన్నది. యజమాని చెప్పగా గుమస్తా పంపిన ఉత్తరము వంటిదని దానికి దృష్టాంతము. కావున నా జాబులలో మాట నాదనియు, పంపినవారు వారనియు వ్రాసితిమి. ఇన్నేండ్లకు మావారు నాకు గుమస్తా అయిరి. వారుండిన నవ్వెడివారు.

ఇద్దరివైన 84 జాబులకును మార్గము అందులోనే దొరికినది. ఎవరినుండి అను వరుసలో రెండు పేర్లును వ్రాయవచ్చును. అట్లు వ్రాసినప్పుడు, పంపినది వారిలో ఎవరో రెండవ వరుసలో తప్పక చెప్పవలెను. ఇట్లు రెండు పేర్లున్న జాబును తానెన్నడును చూడలేదని మావాడు ఆశ్చర్యపడెను. క్రొత్త పెట్టెలో ముందు రెండు జాబులు వేసి చూచితిమి. పేర్లు రెండును ప్రక్క ప్రక్కన వచ్చినవి.

మావారి చిరునామాను మాత్రము మార్చలేదు. బ్రతికియున్నవారికి క్రొత్త చిరునామా కావలెను గాని, వారికెందుకు? వారి పేర క్రొత్త పెట్టె తెరచినచో అది అబద్ధము. అందుచేత పట్టికలో వారి వరుసకు ఎదురుగా, ఎడమప్రక్క నున్నదే కుడిప్రక్కనును వ్రాసితిమి.

ఆ 84లో ఒకదాని సంగతి చెప్పవలెను. ప్రోగ్రాము దానిని మొదట వారి కుప్పలో వేసినది. తెరచి చూడగా మొదటి వాక్యము నాది. 2010 నవంబరు, కార్తికమాసము. అమ్మాయికి రెండవ కాన్పు దగ్గరపడినది. నేను చెప్పిన సంగతులన్నియు వరుసగా ఉన్నవి: వేడినీళ్లు, వాము, చంటిదానిని ఎవరిచేతికి ఇయ్యవలెనో ఎవరిచేతికి ఇయ్యకూడదో. "ఇక్కడ మేము కులాసా. నాన్నగారు దివ్యముగా నున్నారు, రోజును సాయంత్రము లైబ్రరీకి పోయి వచ్చుచున్నారు" అని చెప్పించితిని. క్రింద 'అమ్మ'. అక్కడికి అయిపోయినదనుకొంటిని. మావాడు తెరను క్రిందికి జరుపుచు పోయెను. ఖాళీ వరుసలు ముప్పదికి పైగా ఉన్నవి. ప్రక్కన పీటపై కూర్చున్నదానికి కనబడకుండుటకు అన్ని కావలసి వచ్చినవి. వాని క్రింద నాలుగు వరుసలు. తనకు నెలనుండి గుండెలో నొప్పి వచ్చుచున్నదనియు, గుంటూరులో డాక్టరుకు చూపించితిననియు, లైబ్రరీ అని చెప్పి పోవుచున్నది కొన్ని రోజులు అందుకేననియు, కాన్పు అగువరకు అమ్మ అక్కడికి రావలసియున్నది గనుక ఆమెకు తెలియనీయవద్దనియు. చివర 'నాన్న'.

నేను జనవరిలో అమెరికాకు పోయితిని. మార్చిలో తిరిగి వచ్చితిని. వారు అదే నెలలో పోయిరి.

మావాడు చాలసేపు ఏమియు అనలేదు. తరువాత మెల్లగా, "అత్తయ్యా, ఇది ఎవరి పేర పెట్టమంటారు?" అనెను.

ఇద్దరి పేరను పెట్టుమంటిని. నా మాటలు నావే. వారిచేత కొట్టించినది నేనే. వారు దివ్యముగా నున్నారని నేను చెప్పగా, వారే ఆ అక్షరములు ఒక్కొక్కటిగా కొట్టిరి. ఆ ముప్పది ఖాళీ వరుసలను గూడ ఉన్నవి ఉన్నట్లే ఉంచుమంటిని. ప్రోగ్రాము ఖాళీలను కుదించునని వాడు చెప్పగా, ఆ జాబునకు మాత్రము దానిని నిలిపివేసెను.

దానికి అమ్మాయి మరునాడే జవాబు వ్రాసినది. పోగు తెగలేదు గనుక రెండును ఒకదానిక్రింద ఒకటి వచ్చినవి. జవాబు విషయపు వరుసలో "నాన్నగారికి మాత్రమే" అని యున్నది. పట్టిక ప్రకారము ఆ పాత చిరునామాకు వచ్చిన జాబులు, 'అమ్మకు' అని మొదలైనవి నాకును, తక్కినవి ఇద్దరికిని చేరవలెను. ఈ యొక్కదానికి ఆ నియమము వర్తింపనీయలేదు. అది వారి పాత చిరునామా క్రిందనే ఉన్నది. నేను తెరువలేదు.

గడువునకు పదునాలుగు దినములు మిగిలియుండగా పని ముగిసినది. ఆ రాత్రి అమ్మాయి ఫోను చేసినది.

"అన్నీ వచ్చేశాయా అమ్మా?"

"వచ్చాయి. ఒకటి మాత్రం మీ నాన్నగారి దగ్గరే ఉంది" అంటిని.

అమ్మాయి కొంతసేపు మాటలాడలేదు. తరువాత, అది ఏ తేదీదని అడిగినది.